గ్రంథాలయమున కంప్యూటరు: ఆ కుర్చీ ఎవరిది?

(మండవల్లి గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయము వెలసి 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నుకూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. నేను పండితుడను కాను. ధాన్యపు మిల్లులకును చేపల చెరువులకును లెక్కలు వ్రాసి జీవించువాడను. భారత భాగవతములను గురుముఖమున గాక, ఈ గ్రంథాలయపు బల్లకడనే, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, తప్పో ఒప్పో నాకై నేను చదువుకొన్నవాడను. కావున కవిత్రయమును గూర్చియో పోతనామాత్యుని గూర్చియో మాటలాడుమందురని లోలోపల ఆశపడితిని. వారు మాత్రము, “మన గ్రంథాలయములో అందరి వాడుకకై ఉంచిన రెండు కంప్యూటర్లను గూర్చి చెప్పుడు” అనిరి.

సభలో కొందరి ముఖములపై చిరునవ్వు కనబడుచున్నది. దానికి నేనేమియు అనుకొనను. ఆ యంత్రములను నాకంటె బాగుగ ఎరిగిన యువకులు ఈ పందిటిలోనే పదుగురున్నారు. నేను వానిని గూర్చి ఎరిగినది స్వల్పము. కాని వాని ముందు కూర్చుండి చేసిన తప్పు ఒకటి ఎరుగుదును. ఆ తప్పును మీ ఎదుట చెప్పుకొనుటకే ఈ విషయమును అంగీకరించితిని. దానికి ముందు గ్రంథాలయమనగా నేను ఏమి గ్రహించితినో కొంచెము మనవి చేసెదను.

మన ఆంధ్రదేశమున గ్రంథాలయములు ప్రభుత్వము కట్టించిన భవనములతో పుట్టలేదు. భీమవరమునకు చేరువనున్న కుముదవల్లిలో 1897లోనే గ్రామస్థులు వీరేశలింగ కవి సమాజము పేర గ్రంథాలయమును నెలకొల్పుకొనిరి. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసినది. ఆ బెజవాడలోనే 1914 ఏప్రిల్ 10న చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయముల తొలి మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు తమ జీవితమంతయు ఆ ఉద్యమమునకే ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పెదపాలెము సేవాశ్రమమువారు పడవలో పుస్తకములు నింపి, కాలువవెంట గ్రామగ్రామమునకు త్రిప్పిరి. కొల్లేటి చెంత నివసించువారికి పడవ మాట నేను చెప్పనక్కరలేదు. తాటిదోనెపై బియ్యము వచ్చుట, ఉప్పు వచ్చుట, పెండ్లివారు వచ్చుట లంక గ్రామములవారు ఎరుగుదురు. కాలువ వెంట రేవునకు పుస్తకముకూడ అట్లే వచ్చిన దినములవి.

ఆ పడవ చేసిన పనిని కొంచెము విచారింపుడు. అది రేవునకు వచ్చి పుస్తకమును చదువరి చేతిలో పెట్టినది. చదువు రానివారికి ఆ మహనీయులు చదివి వినిపించిరి, నిజమే. కాని అంతటితో విడువలేదు. రాత్రి పాఠశాలలు పెట్టి అక్షరములు దిద్దించిరి. చదివి వినిపించుట మొదటి మెట్టు. వినువాడు తానే చదువునట్లు చేయుట రెండవ మెట్టు. ఈ రెండవ మెట్టు ఎక్కించినందుననే అది ఉద్యమమైనది.

ఇప్పుడు మా ఇంటి మాట ఒకటి చెప్పవలెను. మా తాతగారు కరణీకము చేసిరి. కరణము, మునసబు పదవులను 1984లో ప్రభుత్వము రద్దుచేసినను, ఇప్పటికిని కొందరు పెద్దలు నన్ను “కరణంగారూ” అనియే పిలుతురు. అది గౌరవమో పరిహాసమో నాకు తెలియదుగాని, అలవాటు పడితిని. నా చిన్ననాట మా ఇంటి చావడిలో ఎఱ్ఱగుడ్డలో కట్టిన దప్తరములు ఉండెడివి. అడంగలు, ఖాతా, శిస్తు లెక్క అన్నియు వానిలోనివే. రైతు వచ్చి అరుగుక్రింద నిలిచెడివాడు. తన పొలము ఏ సర్వే నంబరున ఉన్నదో, ఎన్ని సెంట్లున్నదో, ఎవరి పేర వ్రాయబడియున్నదో తాను చూడజాలడు. అడిగి తెలిసికొనవలసినదే.

మా తాతగారు చెడ్డవారు కారు. లంచము పుచ్చుకొన్నారని ఎవరును చెప్పగా వినలేదు. కాని దప్తరము అరుగుపైనను, రైతు అరుగుక్రిందను ఉండిరి. అడుగవలసినవాడు తలవంచక తప్పదు. చెప్పవలసినవాడు, ఎంత మంచివాడైనను, తాను ఒక మెట్టుపైనున్నట్లు తలంపక మానడు. ఇది మనుష్యుని స్వభావములోని దోషమనుటకంటె ఆ ఏర్పాటులోని దోషమనుట న్యాయము.

కాలము మారినది. 2002లో కొల్లేటి ఆవలిగట్టున, నాటి పశ్చిమగోదావరి జిల్లా మండల కేంద్రములలో “ఈ-సేవ” కేంద్రములు వెలసినవి. పొదుపు సంఘముల స్త్రీలే వానిని నడపిరి. కరెంటు బిల్లు కట్టుటకును, ధ్రువపత్రము పొందుటకును కంప్యూటరు ఒక గ్రామీణ స్త్రీ చేతిమీదుగ పనిచేయుట మన ప్రాంతమువారు అప్పుడే చూచిరి. 2011లో “మీసేవ” వచ్చినది. 2015లో “మీభూమి” వచ్చి, అడంగలును ఒకటి-బి పత్రమును ఎవరైనను తెరపై చూచుకొనవచ్చుననినది. మా తాతగారి ఎఱ్ఱగుడ్డ విప్పి ఊరిమధ్య పరచినట్లయినది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు మన మండలము కృష్ణా జిల్లానుండి అందులో చేరినది. అంతవరకు బందరు వైపు నడచిన కాగితములు ఏలూరు దారి పట్టినవి. ఏ పని ఏ కచేరిలో జరుగునో తెలియక తిరిగినవారికి తెరపై చూచుకొనుట ఎంత మేలో అప్పుడు తెలిసినది.

కాని మహాశయులారా! దప్తరము తెరపైకి వచ్చినంత మాత్రమున అది రైతు చేతికి వచ్చినట్లేనా? మన గ్రంథాలయమున నేను కొన్ని సంవత్సరములుగ చూచుచున్న దృశ్యమును మీరును చూచియుందురు. కంప్యూటరు ముందు కుర్చీ ఒక్కటి. దానిలో తెలిసినవాడు ఒక్కడు. వాని వెనుక ఆధారు కార్డులు, బ్యాంకు పుస్తకములు చేతబట్టుకొని నిలుచున్నవారు పదిమంది. “పేరు చెప్పు. ఫోను నంబరు చెప్పు. ఓటీపీ వచ్చినదా, చెప్పు. అయినది, వెళ్ళు.” తెరపై ఏమి వ్రాయబడినదో వెనుక నిలిచినవానికి తెలియదు. తెలిసికొనవలెనను తలంపును రాదు. మా తాతగారి అరుగు ఈ కుర్చీ రూపమున తిరిగి వచ్చినది.

ఆ కుర్చీలో చాలకాలము కూర్చున్న తెలిసినవాడను నేనే. ఎవరినుండియు పైసా తీసికొనలేదు. పరోపకారమని తలంచితిని. సాయంకాలము పదిమంది నా వెనుక నిలుచుండుట నాకు సంతోషముగ ఉండెడిది. నిజము చెప్పవలెనన్న, గర్వముగ ఉండెడిది.

ఇక నా తప్పు. మన ప్రాంతమునకు చెందిన ఒక వృద్ధురాలు తన మనుమరాలితో వచ్చినది. తల్లి లేని పిల్ల. పదవ తరగతి ప్రథమశ్రేణిలో నెగ్గి, పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షలో మంచి స్థానము తెచ్చుకొన్నది. కళాశాలల ఎంపికను కంప్యూటరులో నమోదు చేయవలెను. నేను కూర్చుంటిని. ఫోను నంబరు అడిగితిని. వారి ఇంట ఉన్న ఒకే ఫోను ఆ పిల్ల తండ్రితో చెరువుల కాపలాకు పోయినది. దాని నంబరు వారికి నోటికి రాలేదు. కనుగొని వచ్చువరకు నిలుచుటకు నాకు ఓపిక లేకపోయెను. “దానికేమి, నా నంబరు వేసెదను. కబురు రాగానే చెప్పెదను” అని నా నంబరు వేసితిని. పిల్ల ఏదో చెప్పబోయి ఊరకున్నది. కళాశాలల పేర్లును నేనే ఏర్చితిని.

కొన్ని దినములకు నేను కాశీయాత్రకు పోయితిని. పోవుచు ఈ మాట పూర్తిగ మరచితిని. త్రోవలో ఫోను నీటిలో పడి పనిచేయకుండెను. తిరిగి వచ్చి బాగుచేయించుకొని చూచుసరికి, సీటు వచ్చినదనియు, ఇన్నవ తేదీలోపల హాజరు కావలెననియు కబురు ఉన్నది. ఆ తేదీ గడచి నాలుగు దినములైనది. సీటు పోయినది. ఆ పిల్లకు ఒక సంవత్సరము పోయినది.

నేను వారి ఇంటికి పోయి చెప్పితిని. ఆ ముసలమ్మ నన్ను ఒక్క పరుషవాక్యము అనలేదు. “కబురు మీ ఫోనుకొచ్చింది. మాకెట్టా తెలుద్ది బాబూ?” అని మాత్రము అన్నది. ఆ పిల్ల గడపలో నిలుచుండి నేలచూపు చూచుచుండెను. అప్పుడు నాకు స్ఫురించినది: ఈ బాలిక ప్రతిదినము సాయంకాలము మన గ్రంథాలయమునకు వారపత్రికలు చదువుటకు వచ్చెడిది. కంప్యూటరు ఆమె కూర్చుండు బల్లకు మూడు బారల దూరమున ఉండెడిది. సీటు వివరము ఆ తెరపై ఎవరైనను చూచుకొనవచ్చును. నీవే కూర్చుండి చూచుకొనవచ్చునమ్మా అని ఆమెతో ఎవరును చెప్పలేదు. చెప్పవలసినవాడు కుర్చీలోనుండి లేవలేదు.

లెక్కలు వ్రాయువానికి ఖర్చు ఎక్కడ వ్రాయవలెనో తెలియును. ఆ సంవత్సరమును నా పేర ఖర్చు వ్రాసికొంటిని. అది తీరునది కాదు.

ఆ రాత్రి నాకు భారత రచనా కథ జ్ఞప్తికి వచ్చినది. వ్యాసభగవానుడు చెప్పగా విఘ్నేశ్వరుడు వ్రాసెనని పెద్దలు చెప్పుదురు. చెప్పుట ఆగరాదని గణపతి నియమము పెట్టగా, అర్థము తెలియక ఒక్క అక్షరమును వ్రాయరాదని వ్యాసుడు మారు నియమము పెట్టెనట. ఈ కథను నేను చిన్ననాటినుండి చమత్కారముగ భావించితిని. ఆనాడు మాత్రము అది వ్రాయసగానికి చెప్పిన ధర్మమని తోచినది. వ్రాయువాడు అర్థమెరిగి వ్రాయవలెను. చెప్పువాడు తన మాట ఎట్లు వ్రాయబడుచున్నదో ఎరిగియుండవలెను. నేను ఆ బాలిక భవిష్యత్తును, ఆమె మనస్సులోని అర్థమెరుగక, చకచక వ్రాసితిని.

గ్రంథాలయ శాస్త్రమున పూజ్యులైన రంగనాథన్‌గారు మొదట గణితోపాధ్యాయులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిరి. 1931లో వారు ప్రకటించిన అయిదు సూత్రములలో మొదటిదాని భావము, పుస్తకములు ఉపయోగించుటకే ఉన్నవని. ఇంత సామాన్యమైన మాటను సూత్రముగ చెప్పనేల అని మీరు అడుగవచ్చును. పూర్వము ఐరోపాలో పుస్తకములను ఇనుప గొలుసులతో బీరువాలకు కట్టి ఉంచెడివారు. ఇంగ్లండులోని హెరిఫర్డు దేవాలయమున అట్టి గొలుసుల గ్రంథాలయము నేటికిని ఉన్నది. పుస్తకము పోకుండుటయే అప్పటి ముఖ్యోద్దేశము. చదువరికి అందుట తరువాతి మాట. మన కంప్యూటర్లకు గొలుసులు లేవు. కాని “పాడైపోవును, తాకకు” అను మాట గొలుసుకంటె తక్కువది కాదు.

తాకిన పాడగునా? 1999లో ఢిల్లీ నగరమున కాల్కాజీ ప్రాంతములో సుగత మిత్ర అను శాస్త్రజ్ఞుడు ఒక గోడకు రంధ్రము చేసి, వీథివైపు తెర కనబడునట్లు కంప్యూటరు అమర్చెను. ప్రక్కనున్న పేదవాడలోని పిల్లలు వచ్చి, ఎవరును నేర్పకుండగనే, ఒకరిని చూచి ఒకరు దానిని నడుపుట నేర్చిరి. గురువు అక్కరలేదని నేను దీనినుండి తీర్మానింపను. గురువు లేక భారతము చదివిన నాకు గురువు లేని లోటు ఎట్టిదో తెలియును. కాని చేయి తగలనిదే విద్య రాదని మాత్రము దీనివలన స్పష్టము. ఈత నేర్వదలచినవాడు గట్టుపై నిలిచి ఎంతకాలము చూచినను ఏమి ప్రయోజనము?

ఇక మీలో కొందరి ఆక్షేపణలు నాకు తెలియును. వానికి సమాధానము చెప్పక ముందుకు పోరాదు.

“చేతిలో ఫోనుండగా గ్రంథాలయమునకు రానేల?” అని యువకులు అందురు. నిజమే. 2025 జనవరిలో “మన మిత్ర” వచ్చినపిమ్మట వాట్సాప్‌లోనే అనేక ప్రభుత్వ సేవలు లభించుచున్నవి. కాని నాలుగు పుటల దరఖాస్తును అరచేతి తెరపై చదివి పూరించుట ఎంత కష్టమో నలుబదేండ్లు దాటినవారిని అడుగుడు. ఇంటికి ఒకే ఫోనుండి, అది మగవాని జేబులో చెరువుగట్టుకు పోవు ఇండ్లు ఎన్ని ఉన్నవో స్త్రీలను అడుగుడు. పెద్ద తెర, నిలకడగల బల్ల, అచ్చుతీయు యంత్రము, ప్రక్కన అడుగుటకు ఒక మనిషి ఉండుట గ్రంథాలయమునకే చెల్లును. ధనికదేశమైన అమెరికాలోనే 1997నుండి గేట్సు దంపతుల సంస్థ ప్రజా గ్రంథాలయములకు కంప్యూటర్లు సమకూర్చినది. ఇంట లేనివాడు అక్కడకూడ ఉన్నాడు.

“పిల్లలు ఆటలాడి కాలము పాడుచేయుదురు” అని పెద్దలు అందురు. ఆడుదురు. 25 ఏండ్ల క్రిందట పిల్లలు గ్రంథాలయమునకు వచ్చి చందమామలో బొమ్మలు మాత్రమే చూచుచున్నారని కోపించిన పెద్దలును ఉండిరి. బొమ్మలు చూచిన చేయి తరువాత పుట త్రిప్పినది. ఆటకు అరగంట నియమము పెట్టవచ్చును. తలుపు మూయరాదు.

“మా కన్నులు కనబడవు, మాకేల?” అని వృద్ధులు అందురు. 1914నాటి మహాసభకు అధ్యక్షులైన చిలకమర్తివారు చిన్ననాటినుండి దృష్టిమాంద్యముతో బాధపడి, తుదకు చూపు పూర్తిగ కోల్పోయినవారు. ఒకరు చదువగా విని, తాము చెప్పగా ఒకరు వ్రాయ, అంత సాహిత్యము సృష్టించిరి. నేడు తెరపైనున్న అక్షరములను కంప్యూటరే చదివి వినిపించు ఉపకరణములు ఉన్నవి. “ఎన్‌వీడీఏ” అనునది చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు సిద్ధముచేసి లోకమునకు ఉచితముగ ఇచ్చినది. తెలుగునుకూడ చదువును. ఉచ్చారణ మన పురాణ కాలక్షేపమువలె ఉండదు, కాని అర్థమగును. మన రెండింటిలో ఒకదానియందు దీనిని అమర్చుటకు రూపాయి ఖర్చు లేదు.

కంప్యూటరు దరఖాస్తులకే అని తలంపవలదని నాబోటి సాహిత్యాభిమానులకు మనవి. నా యౌవనమున ఒక శబ్దమునకు అర్థము కావలసిన, రైలెక్కి గుడివాడ పోయి ఒక పండితుని ఇంట నిఘంటువు చూచి వచ్చెడివాడను. నేడు ఆంధ్రభారతి వారి సైటులో శబ్దరత్నాకరము, బ్రౌణ్య నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఒక్కసారియే వెదకవచ్చును. ఒకనాడు ముచ్చటపడి “దప్తరము” అని వెదకితిని. అది పారసీకమునుండి వచ్చిన మాట. మా తాతగారు తమ ఎఱ్ఱమూటను ఏ దేశపు మాటతో పిలిచిరో ఎరుగకయే పోయిరి.

చిత్తూరు జిల్లాలో పుట్టి, కంప్యూటరు శాస్త్రమున 1994లో ట్యూరింగు పురస్కారము పొందిన రాజ్ రెడ్డిగారు పదిలక్షల గ్రంథములను కంప్యూటరులోనికి ఎక్కించు మహాయత్నమునకు పూనుకొనిరి. ఆ యత్నమున ఎక్కిన వేలాది తెలుగు గ్రంథములు, అచ్చు ఆగిపోయినవికూడ, నేడు చదువుకొనవచ్చును. మన బీరువాలలో చెదపురుగుల పాలైన పుస్తకముల పట్టిక నా దగ్గర ఉన్నది. వానిలో కొన్ని ఆ భాండాగారమున దొరకినవి. 2003 డిసెంబరునుండి నడచుచున్న తెలుగు వికీపీడియాలో చదువుటయే కాదు, వ్రాయుటయు చేయవచ్చును. కొల్లేటి పక్షులను గూర్చియు, మన లంకలను గూర్చియు మనకంటె బాగుగ వ్రాయగలవారు ఎవరు?

ఇట్లు చెప్పి జాగ్రత్తలు చెప్పకపోయిన, తాళము చేతికిచ్చి తలుపు వేయుట నేర్పనట్లగును. సామూహిక కంప్యూటరు ఊరి చెరువు రేవు వంటిది. మన తరువాత మరియొకరు దిగుదురు. కావున లేచుటకు ముందు తప్పక లాగౌట్ చేయవలెను. “పాస్‌వర్డు గుర్తుంచుకొనుమా?” అని యంత్రము అడిగిన, వద్దనవలెను. దింపుకొన్న ఆధారు ప్రతులు, బ్యాంకు కాగితములు “డౌన్‌లోడ్స్” లోనే పడియుండును. వానిని తుడిచివేసి, చెత్తబుట్టనుండికూడ తుడువవలెను. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ముసుగు ఆధారును దింపుకొనవచ్చును. అది చెల్లు చోట్ల దానినే ఇయ్యుడు. ఓటీపీ ఎవరికిని చెప్పవలదు, నాకుకూడ చెప్పవలదు. డబ్బు మోసపోయినట్లు తెలిసిన తక్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేయిదాటును. బ్యాంకు లావాదేవీలు మాత్రము సామూహిక యంత్రముపై చేయకుండుటయే మేలని నా అభిప్రాయము.

దరఖాస్తులో ఎవరి ఫోను నంబరు వేయవలెనో నేను వేరుగ చెప్పనక్కరలేదనుకొందును. నంబరు తెలియనిచో మరునాడు రండు. ఒక దినము ఆలస్యమగును. ఒక సంవత్సరము పోదు.

ఇక కార్యవర్గమువారికి, లెక్కల మనిషిని గావున, వరుసగ నాలుగు ప్రార్థనలు.

మొదటిది. పనికై వచ్చినవాడే కుర్చీలో కూర్చుండవలెను. తెలిసినవాడు ప్రక్కన స్టూలుపై కూర్చుండి నోటితో చెప్పవలెనేగాని మీటలపై చేయి వేయరాదు. చేయి రానివారికి, వృద్ధులకు మొదటిసారి మాత్రము చేసిపెట్టవచ్చును. అప్పుడైనను వ్రాసినది అంతయు చదివి వినిపించి, ఔనన్న పిమ్మటనే పంపవలెను.

రెండవది. వారమునకు రెండు మధ్యాహ్నములు స్త్రీలకై ప్రత్యేకింపవలెను. వెనుక పదిమంది మగవారు నిలుచుండగా ఏ తల్లి కుర్చీలో కూర్చుండి అక్షరములు వెదకుకొనును?

మూడవది. తెరను గోడవైపు త్రిప్పవలెను. వాడుకొనువాని వెనుక గీత గీసి, వంతు వచ్చువరకు దానిని దాటి ఎవరును రారాదు. ఎదుటివాని దరఖాస్తును చూచుట, ఎదుటివాని ఉత్తరమును విప్పి చదువుటతో సమానము.

నాలుగవది. కంప్యూటరు వాడుకకు రుసుము ఎన్నటికిని పెట్టరాదు. అచ్చు కాగితమునకు అసలు ఖర్చు మాత్రము తీసికొనవచ్చును. 1960నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున మనమందరము గ్రంథాలయ పన్ను చెల్లించుచున్నాము. గుడిసెవాడును చెల్లించుచున్నాడు. కావున ఏ గ్రంథాలయమునకైనను వచ్చు ప్రజ భిక్షకు వచ్చినది కాదు. మనది గ్రామస్థుల పూనికతో నడచునదైనను ఈ ధర్మము మనకును వర్తించును.

ఈ నాలుగింటికిని పెద్ద ఖర్చు లేదు. ఒక స్టూలు, ఒక గీత, రెండు మధ్యాహ్నములు. కాని నాబోటివారికి ఒక ఖర్చు ఉన్నది. సాయంకాలము మన వెనుక ఎవరును నిలువరు. “మీరు లేకపోతే మా పని కాదండీ” అని ఎవరును అనరు. ఆ మాట వినుటకు ఎంత తీయగ ఉండునో నాకు తెలియును. దానిని వదలుకొనవలెను.

ఆ బాలిక సంగతి మీరు అడుగకమునుపే చెప్పెదను. మరుసటి సంవత్సరము ఆమె తిరిగి పరీక్ష వ్రాసినది. ఈసారి తానే కుర్చీలో కూర్చున్నది. నేను స్టూలుపై కూర్చుంటిని. ఆమె తండ్రి ఫోను నంబరును అరచేతిలో వ్రాసికొని వచ్చినది. ఒక్కొక్క అక్షరము వెదకి వెదకి కొట్టుటకు గంటన్నర పట్టినది. నా చేయి రెండుమార్లు మీటలవైపు పోయినది. రెండుమార్లును వెనుకకు తీసికొంటిని. ఏ కళాశాల ముందు పెట్టవలెనని నేను చెప్పబోగా, “నాకు తెలుసండీ” అన్నది. నేను నిరుడు ఏర్చినదానిని ఆమె అసలు పెట్టనేలేదు. దూరమైనను తనకు కావలసిన విద్య ఉన్నచోటనే కోరుకొన్నది. నిరుడు గడపలో నిలుచుండి ఆమె చెప్పబోయి ఊరకున్నది అదియే కాబోలు.

ఆమె ఇప్పుడు చదువుకొనుచున్నది. సెలవులకు వచ్చినపుడు మన గ్రంథాలయమున స్టూలుపై కూర్చుండి మరి ఇద్దరు ముగ్గురికి నేర్పుచున్నది. వారిలో ఆమె నాయనమ్మయు ఒకతె. ఆ ముసలమ్మ తన పేరు తెలుగున కొట్టి, పెద్ద అక్షరములలో చూచుకొని, అచ్చుతీసి ఇమ్మని అడిగినది. ఆ కాగితమునకు రెండు రూపాయలు తానే చెల్లించినది. రసీదు నేను వ్రాసితిని.

రానున్న 25 సంవత్సరములలో ఈ యంత్రములు పోయి మరియొకటి వచ్చును. ఏది వచ్చినను దాని ముందు కుర్చీలో మన గ్రామపు మనిషి తానే కూర్చుండునట్లు చూడుడని కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను.